రేగొండ దాటినంక

హన్మకొండ నుంచి భూపాలపల్లి దాక
నేను ఊర్లను మరుగుదొడ్లతోనే గుర్తువెట్టుకున్న.
ఆత్మకూరుల గడియ లేదు, తలుపును కాలితోని ఆపాలె.
పరకాలల నీళ్లుంటయి, బకెట్టుండదు.
రేగొండల హోటలాయన భార్య మంచిది,
అడగకముందే తాళంచెవి చేతుల పెడ్తది.
రేగొండ దాటినంక చెల్పూరు దాక ఏం లేదు.
పత్తిచేన్లు. మిట్టమధ్యాన్నం. యాభైఅయిదు సీట్ల బండిల తొంభైమంది.
నడుమ నేను,
టికెట్ల మిషను పొట్టకు అదుముకొని
పండ్లు బిగవట్టి ఒకటీ రెండూ మూడూ...
మనుషులను లెక్కవెడ్తున్ననని అనుకుంటరు.

పదకొండేండ్లు.
మొదలు ఆరెంపీ సారు గ్యాసన్నడు.
తర్వాత వేడి అన్నరు, సబ్జలు నానబోసుకున్న.
బొడ్డు జరిగిందని కనకవ్వ నన్ను ఎల్లెల్కల పండవెట్టి
పొట్టమీద దీపం వెట్టి చెంబు బోర్లించింది.
చర్మం పైకి లేచింది, నొప్పి కిందనే ఉన్నది.
గోడమీది నెంబరుకు ఫోన్ జేస్తే మొలలన్నడు,
మూడువేలు, రసీదు లేదు.
ఒకాయన టీబీ అన్నడు:
తొమ్మిది నెలలు నా ఒంటేలు మోదుగుపువ్వు రంగుల పోయింది.
ఇంట్ల నా గిలాస వేరైంది.
టీబీ కాదని తేలినంక గూడ
ఆ గిలాస మిగిలిన గిలాసలల్ల కలువలే.

డిపోల నాకొక పేరు వెట్టిండ్రు. ఇక్కడ చెప్ప.
బాత్రూంల గంటసేపు ఎవలతోని ఫోన్లని
మా ఆయనకు నా మీద అనుమానం.
నాకు గూడ నా మీదనే.
నెత్తురు జూసిన రోజు
నిన్న మిర్చిబజ్జి తిన్ననా అని యాది జేసుకున్న.

ఆఖరికి పెద్ద దవాఖానల
నిద్రలేని కండ్ల చిన్న డాక్టరమ్మ
నా కాయితాల కట్ట విప్పకుంటనే అడిగింది:
"అక్కా, రాత్రిపూట నిద్రలకెల్లి లేపుతదా?"
పదకొండేండ్లల్ల ఎవలూ రాత్రి గురించి అడగలే.
రెండింటికి, మూడున్నరకు, కోడి కూయకముందు
చీకట్ల గోడ వట్టుకొని నడిచిన నడకంత
ఒక్కసారి గొంతులకచ్చింది.
లేపుతది బిడ్డా, అన్న. అంతే అన్న.

పైపు ఏసి టీవీల జూపించిండ్రు.
ఎర్రమొరం తేలి, గుంతలు వడి,
జెరంత దూరం నున్నగ, మళ్ల గుంతలు.
"మన రోడ్డే గదనే" అన్నడు డ్రైవర్ ఓదెలన్న, ఫొటో జూసి.
నవ్విన. నవ్వితే పొట్ట నొచ్చింది.

పేరు క్రోన్స్ అట.
నాలుక తిరగలే.
అయినా ఇల్లు చేరేదాక గొణుక్కుంటనే ఉన్న
పుట్టిన పిల్లకు పేరు దొరికినట్టు.
పోతదా అంటే, పోదు, అన్నది డాక్టరమ్మ,
పండుకుంటది.
అప్పటిసంది పసిపిల్ల పండుకున్న ఇంట్ల నడిచినట్టు
నా ఒంట్ల నేను మెల్లగ నడుస్తున్న.

పచ్చిపులుసు లేదు. మక్కకంకి లేదు.
డ్యూటీ దిగి ఎనుమాముల మిర్చి యార్డు ముంగటికెల్లి వోతుంటే
ఈ గాలన్న పీల్చొచ్చునా అని
అడుగుదామనుకొని ప్రతిసారి మరిచిపోత.
కొన్ని నెలలు మంచిగుంటది, అప్పుడు భయమైతది.
కొన్ని నెలలు మంచిగుండదు.
అది తెలిసిన భయమే.

మొన్న, రేగొండ దాటినంక,
మూడో సీట్ల ఇంటర్ పిల్ల
బ్యాగు పొట్టకు అదుముకొని, పెదవి కొరుక్కుంట,
లెక్కవెడ్తున్నది.
బెల్లు గొట్టిన.
ఇక్కడ స్టేజి ఏడున్నదని ఎవలో అర్సిండ్రు.
ఓదెలన్న అద్దంల నా దిక్కు జూసి
పత్తిచేను పక్కకు బండి తీసిండు.
నా నీళ్ల సీస ఇచ్చి పంపిన.

తిరిగొచ్చి తల దించుకొని కూసున్నది.
పక్కన నిలవడి, వంగి, చెవుల అడిగిన:
రాత్రిపూట లేపుతదా?
తల ఊపలే. నా యూనిఫాం కొంగు వట్టుకున్నది.

మిషన్లకెల్లి జీరో టికెట్టు చింపి
ఎన్క రాసిచ్చిన:
పెద్ద దవాఖాన, పై అంతస్తు,
మంగళారం, శుక్కురారం.
మెట్లెక్కంగనే ఎడమ దిక్కు బాత్రూం ఉంటది,
గడియ మంచిగ వడ్తది.